పోకర్ బల్ల వద్ద సీటు ఎంపిక: 28 సిట్టింగుల ప్రాజెక్టు డైరీ

ఈ డైరీ తొమ్మిదిమంది కూర్చునే నో-లిమిట్ టెక్సాస్ హోల్డెమ్ (చేతిలో రెండు, బల్ల మీద ఐదు ఉమ్మడి ముక్కలతో, పందేనికి పరిమితి లేకుండా ఆడే పోకర్) క్యాష్ గేమ్‌కు సంబంధించినది. సీటు ఖాళీ అయినప్పుడు మరొకదానికి మారే వీలున్న బల్ల వద్ద ఏ సీటు మేలో ఊహతో కాక లెక్కతో తేల్చుకోవడం దీని పని. పద్ధతి నచ్చినవారు దీన్ని యథాతథంగా వాడుకోవచ్చు. అంతకన్నా ముఖ్యంగా, నేను చేసిన పొరపాట్లు మళ్లీ చేయకుండా సమయం మిగుల్చుకోవచ్చు. లాభనష్టాలను డబ్బులో కాక బిగ్ బ్లైండ్లలో (ప్రతి పంపకానికి ముందు వంతు ప్రకారం ఒకరు తప్పనిసరిగా పెట్టే పందెం ఒక బిగ్ బ్లైండ్; కింద క్లుప్తంగా బ్లైండ్లు) రాశాను, ఎందుకంటే పందెం స్థాయి ఏదైనా లెక్క మారదు.

డీలర్‌కు ఎడమ పక్కనున్నది 1వ సీటు. అక్కడి నుంచి గడియారం ముల్లు తిరిగే దిశలో 9 వరకు లెక్క. ఆట కూడా అదే దిశలో సాగుతుంది కనుక నా కుడిచేతివైపు వ్యక్తి సాధారణంగా నాకన్నా ముందు, ఎడమచేతివైపు వ్యక్తి నా తరువాత ఆడతారు. ఈ ఒక్క వాక్యంలో కుడి ఎడమలు తారుమారైతే కింద ఉన్న లెక్కంతా తలకిందులవుతుంది.

దశ 1: లాభంతో సీటును కొలవబోయి విఫలమవడం

మొదటి 6 సిట్టింగుల్లో 6 వేర్వేరు సీట్లలో కూర్చుని, ఒక్కోదానిలో 104 పంపకాలు (ముక్కలు పంచిన ప్రతిసారీ ఒక పంపకం) పూర్తయ్యేవరకు ఆడి, లేచేటప్పుడు చేతిలో ఉన్న చిప్స్ నుంచి తెచ్చుకున్న చిప్స్ తీసివేసి సీటు సంఖ్య పక్కన రాసుకున్నాను. 3వ సీటు 118 బ్లైండ్ల లాభం చూపింది. 7వ సీటు 134 బ్లైండ్ల నష్టం చూపింది. మిగిలిన నాలుగూ వీటి మధ్య ఉన్నాయి. ఈ పట్టికను చూసి 3వ సీటులో ఏదో గుణం ఉందని రెండు రోజులు నమ్మాను. తరువాత కూర్చుని దోషం లెక్క వేశాను.

నో-లిమిట్ హోల్డెమ్‌లో 100 పంపకాలకు ఫలితపు ప్రామాణిక విచలనం (సగటు నుంచి ఫలితం మామూలుగా ఊగే పరిమాణం) సుమారు 80 నుంచి 100 బిగ్ బ్లైండ్ల వరకు ఉంటుంది. 90 అనుకుంటే, 104 పంపకాల మొత్తం ఫలితం ఎటువైపైనా 92 బ్లైండ్లు ఊగడం సర్వసాధారణం. అంతేకాదు, ఏ తేడా లేని 6 సీట్లను తీసుకుని వాటిలో అత్యుత్తమాన్నీ అధమాన్నీ పోల్చినా, కేవలం ముక్కల అదృష్టం వల్లనే వాటి మధ్య సగటున 233 బ్లైండ్ల తేడా కనిపిస్తుంది. నాకు కనిపించిన తేడా 252. అంటే ఆ పట్టిక సీట్ల గురించి ఏమీ చెప్పలేదు.

రెండు సీట్ల మధ్య 100 పంపకాలకు 5 బ్లైండ్ల తేడాను పట్టుకోవాలంటే, అదీ పట్టీపట్టనట్టుగా పట్టుకోవాలంటే, ఒక్కో సీటులో సుమారు 65,000 పంపకాలు ఆడాలి. గంటకు 26 పంపకాలు జరిగే బల్ల వద్ద అది 2,500 గంటలు. అందువల్ల లాభాన్ని కొలమానంగా వాడడం ఇక్కడితో పూర్తిగా ఆపివేశాను. ఈ పని మొదలుపెట్టేవారెవరైనా ఈ దశను నేరుగా దాటవేయవచ్చు.

మొత్తం ఇప్పటివరకు: 6 సిట్టింగులు, 24 గంటలు, 624 పంపకాలు, సీటు మార్పులు 0.

దశ 2: బల్ల మీద నాణేలతో లెక్క

ఈ దశలో ఆట లేదు. తొమ్మిది నాణేలను వృత్తాకారంలో పెట్టి, ఒక చొక్కా గుండీని, ఆ పంపకంలో చివరి వంతు ఎవరిదో చూపుతూ పంపకానికో సీటు ఎడమకు జరిగే డీలర్ బటన్‌గా ఒక్కో నాణెం ముందుకు జరుపుతూ, ఎవరికన్నా ఎవరు తరువాత ఆడతారో రాసుకున్నాను.

ముందు చేసిన తప్పు: ప్రతివారికీ 9 పంపకాలకు ఒకసారి బటన్ వస్తుంది కనుక పొజిషన్ (ఎదుటివారు ఏం చేశారో చూశాక ఆడే సౌలభ్యం) అందరికీ సమానమేనని, సీటు ఎంపికకు అర్థం లేదని రాశాను. ఇందులో సగం మాత్రమే నిజం. బటన్ ఎన్నిసార్లు వస్తుందన్నది అందరికీ సమానం. కానీ పాట్ (పందేలన్నీ చేరే మధ్య కుప్ప) కోసం పోటీ సాధారణంగా ఇద్దరు ముగ్గురి మధ్యనే నడుస్తుంది. ఆ ఇద్దరిలో తరువాతి వంతు ఎవరిదన్నదే అసలు ప్రశ్న, దానికి జవాబు వారిద్దరి మధ్య ఉన్న దూరాన్ని బట్టి మారుతుంది.

నాణేలు చూపిన ఫలితం ఇది. నా కుడివైపు ఉన్న వ్యక్తి మీద, 9 పంపకాలకు, నాకు తరువాతి వంతు దొరికే సంఖ్య:

1. కుడి పక్కనే ఉన్నవారి మీద 8 సార్లు, అంటే 89 శాతం.
2. కుడివైపు రెండవవారి మీద 7 సార్లు, 78 శాతం.
3. మూడవవారి మీద 6 సార్లు, 67 శాతం.
4. నాలుగవవారి మీద 5 సార్లు, 56 శాతం.
5. ఐదవవారి మీద 4 సార్లు, 44 శాతం.
6. ఆరవవారి మీద 3 సార్లు, 33 శాతం.
7. ఏడవవారి మీద 2 సార్లు, 22 శాతం.
8. ఎనిమిదవవారి మీద, అంటే నా ఎడమ పక్కనే ఉన్నవారి మీద, 1 సారి, 11 శాతం. అది బటన్ నా ముందున్న పంపకం.

ఫ్లాప్‌కు (బల్ల మీద మొదటి మూడు ఉమ్మడి ముక్కలు తెరవడానికి) ముందు వంతుల క్రమం బిగ్ బ్లైండ్ ఎడమ పక్క నుంచి మొదలైనా, ఒక చుట్టు (బటన్ ఒకసారి అందరి ముందుకూ వచ్చే 9 పంపకాలు) మొత్తం మీద ఈ సంఖ్యలు మారవు. దాన్ని కూడా విడిగా తిప్పి చూశాను.

ఈ ఎనిమిది సంఖ్యలను కూడితే 36, దాన్ని 9తో భాగిస్తే 4. అంటే ఏ సీటులో కూర్చున్నా పంపకానికి సగటున నలుగురి మీద మాత్రమే తరువాతి వంతు. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన వాక్యం ఇదే: సీటుకు సొంత విలువ సున్నా. ఎనిమిదిమంది ఒకేలా ఆడితే ఎక్కడ కూర్చున్నా ఒకటే. విలువ అంతా చుట్టూ ఉన్న మనుషులు ఒకేలా ఆడకపోవడం నుంచి వస్తుంది. కనుక కొలవవలసినది కుర్చీని కాదు, మనుషులను.

ఆరుగురి బల్లకు ఇవే సంఖ్యలు 83, 67, 50, 33, 17 శాతంగా మారతాయి. తొమ్మిది కుర్చీలున్నా ఇద్దరు లేచి వెళ్లిపోతే ఏడుగురి లెక్కే వాడాలి. ఖాళీ కుర్చీని మనిషిగా లెక్కించకూడదు.

దశ 3: మనుషుల బరువు కొలవడం

ప్రతి ఆటగాడికీ ఒక బరువు ఇవ్వాలి. ఎక్కువ పాట్‌లలో దిగేవారి బరువు ఎక్కువ, ఎందుకంటే నేను తలపడేది ఎక్కువగా వారితోనే. మొదట చిన్న నోట్‌బుక్ వాడాను. ప్రతి పంపకంలో బ్లైండ్ పెట్టడం కాకుండా తన ఇష్టంతో చిప్స్ పెట్టిన ప్రతివారికీ ఒక గీత. ఇది రెండు సిట్టింగుల్లో విఫలమైంది. ఎదుటివారు నేను రాయడం గమనించి, ఏం రాస్తున్నారని అడిగారు. ఆ తరువాతి గంటలో కొందరు మామూలు కంటే తక్కువగా దిగారు. కొలత వల్ల కొలవబడే విషయమే మారిపోతోంది, పైగా పక్కవారికి ఇబ్బంది కలిగించడం నాకు ఇష్టం లేదు.

మార్చిన పద్ధతి: నోట్‌బుక్ జేబులోనే ఉంటుంది. ఒక చుట్టులో ఇద్దరినే గమనిస్తాను. నా చిప్స్‌లో తక్కువ విలువవి రెండు చిన్న దొంతరలుగా పక్కన పెట్టి, మొదటి వ్యక్తి దిగితే ఒక చిప్‌ను మొదటి దొంతరకు, రెండవ వ్యక్తి దిగితే రెండవ దొంతరకు చేరుస్తాను. చిప్స్‌తో చేతులు ఆడించడం అందరూ చేసేదే కనుక ఎవరూ పట్టించుకోరు. విరామంలో లేచినప్పుడు సంఖ్యలు రాసుకుంటాను.

ఎన్ని పంపకాలు చూస్తే చాలు? నిజంగా 30 శాతం పంపకాల్లో దిగే వ్యక్తిని 27 పంపకాలు, అంటే మూడు చుట్లు, గమనిస్తే కొలతలో సుమారు 9 శాతం బిందువుల దోషం ఉంటుంది. అంటే 27లో 8 సార్లు దిగినవారికీ 10 సార్లు దిగినవారికీ మధ్య తేడా ఉందని చెప్పలేను. 5 సార్లు దిగినవారికీ 14 సార్లు దిగినవారికీ మధ్య తేడాను మాత్రం ధైర్యంగా చెప్పగలను. సీటు ఎంపికకు ఆ స్థూలమైన తేడా చాలు.

ఇక్కడ ఒక మాట. ఒక సిట్టింగులో నాకు ఎదురుగా కూర్చున్న ఒకరిని, లెక్కించక ముందు, బల్ల మీద అందరికన్నా విచ్చలవిడిగా ఆడే వ్యక్తిగా రాసుకున్నాను. లెక్కిస్తే 27లో 5. ఆయన ఎక్కువగా మాట్లాడతారు, చిప్స్ గట్టిగా పెడతారు, అంతే. అదే బల్ల మీద నోరు మెదపకుండా కూర్చున్న మరొకరు 13 సార్లు దిగారు. గుర్తున్నదాన్ని నమ్మి సీటు మారవద్దని నేను గట్టిగా చెప్పడానికి ఈ ఒక్క నమోదే కారణం.

బరువు సూత్రం, మొదటి రూపం: దిగిన సార్లు × ఆయన ముందున్న చిప్స్ (100 బ్లైండ్లను 1గా తీసుకుని). ఇందులోని తప్పు ఒక 240 బ్లైండ్ల స్టాక్ (ఆటగాడి ముందున్న మొత్తం చిప్స్) వచ్చినప్పుడు బయటపడింది. ఆయన దిగినది 7 సార్లే అయినా బరువు 16.8 వచ్చి బల్లలో అందరినీ మించిపోయింది. కానీ నా ముందున్నవి 100 బ్లైండ్లు. ఆయన దగ్గర ఎంత ఉన్నా మా ఇద్దరి మధ్య చేతులు మారగలిగేది 100 మాత్రమే.

రెండవ రూపం: దిగిన సార్లు × ఇద్దరి స్టాక్‌లలో చిన్నది ÷ 100. ఈ లెక్కన ఆయన బరువు 7కు దిగింది. 27లో 13 సార్లు దిగి 30 బ్లైండ్లు మాత్రమే ఉన్న మరొకరి బరువు 3.9 అయింది. ఇది న్యాయంగానే ఉంది: చిన్న స్టాక్‌తో ఆడేవారి చిప్స్ తరచుగా ఫ్లాప్‌కు ముందో ఫ్లాప్ మీదనో మొత్తం లోపలికి వెళ్లిపోతాయి, తరువాతి వంతు ఉపయోగపడే టర్న్, రివర్ (నాలుగవ, ఐదవ ఉమ్మడి ముక్కల) నిర్ణయాలే మిగలవు. స్టాక్ లోతు పెరిగేకొద్దీ పొజిషన్ విలువ పెరుగుతుంది.

సీటు స్కోరు: ప్రతి ఎదుటివారి బరువును దశ 2లోని భిన్నంతో గుణించి, అన్నింటినీ కూడాలి.

ఈ దశలో మరొక కొలతను కూడా మొదలుపెట్టాను. బల్లపై అత్యధిక బరువున్న ఇద్దరిలో ఎవరితోనైనా ఫ్లాప్ చూసిన ప్రతి పాట్‌లో తరువాతి వంతు నాదా, వారిదా అన్నది రాసుకోవడం. దొరికిన సీటులోనే ఉండి ఆడిన ఈ 5 సిట్టింగుల్లో అలాంటి పాట్‌లు 58, తరువాతి వంతు నాదైనవి 24, అంటే 41 శాతం.

మొత్తం ఇప్పటివరకు: 11 సిట్టింగులు, 44 గంటలు, 1,154 పంపకాలు, సీటు మార్పులు 0.

దశ 4: మొదటి మార్పులు, వాటి వైఫల్యాలు

నమోదు 12. నేను 4వ సీటులో ఉన్నాను. ఒక్కొక్కరికి 27 పంపకాల లెక్కన బరువులు: 1వ సీటు 3, 2వ సీటు 5, 3వ సీటు 4, 5వ సీటు 14, 6వ సీటు 6, 7వ సీటు 3, 8వ సీటు 12, 9వ సీటు 4. మొత్తం 51. సగటు సీటుకు ఇందులో సగం, 25.5 రావాలి. నా స్కోరు 20.9. బల్లలో అత్యంత బరువైన వ్యక్తి నా ఎడమ పక్కనే ఉండడం దీనికి కారణం.

6వ సీటు ఖాళీ అయింది. అక్కడికి మారితే, నా పాత సీటులోకి వచ్చే కొత్త వ్యక్తికి 6 బరువు అనుకుంటే, స్కోరు 28.2. మారాను.

ఆ రాత్రి మిగిలిన సీట్లకు కూడా లెక్క వేస్తే ఊహించనిది ఒకటి కనిపించింది. 9వ సీటులో కూర్చుని ఉంటే, 4వ సీటులోకి 4 బరువున్న వ్యక్తి వచ్చాడనుకున్నా, స్కోరు 29.3 వచ్చేది. అక్కడి నుంచి 14 బరువున్న వ్యక్తి కుడివైపు నాలుగు కుర్చీల దూరంలో ఉంటాడు, అయినా 6వ సీటు కన్నా అది మెరుగు. కారణం, 8వ సీటులోని 12 బరువు 9కి కుడి పక్కన ఉంటుంది, 6కి మాత్రం ఎడమవైపుకు పోతుంది. అందరికన్నా విచ్చలవిడిగా ఆడే వ్యక్తికి ఎడమ పక్కన కూర్చోమని అందరూ చెప్పే సలహా ఒకే ఒక్క బరువైన ఆటగాడు ఉన్న బల్లకు సరిపోతుంది. ఇద్దరుంటే ఇద్దరినీ కుడివైపున ఉంచే కుర్చీ వెతకాలి, ఎవరి పక్కనా కాకపోయినా సరే.

నమోదు 14, 15. వ్యతిరేక వాదాన్ని పరీక్షించాను. ప్రతి పాట్‌లోనూ రెయిజ్ చేసే (పందెం పెంచే) వ్యక్తిని ఎడమ పక్కన ఉంచుకోవాలని, నేను చెక్ చేస్తే (పందెం వేయకుండా వంతు దాటిస్తే) ఆయన పందెం వేస్తారని, మిగిలినవారంతా దానికి జవాబిచ్చాక నిర్ణయం నా దగ్గరకు చివరగా వస్తుందని కొందరు అనుభవజ్ఞులు చెబుతారు. వాదనలో బలం ఉంది కనుక రెండు సిట్టింగులు దానికే ఇచ్చాను. లెక్క ఇలా వచ్చింది:

1. ఫ్లాప్‌కు ముందు నేను కేవలం కాల్ చేసి (ఉన్న పందేనికి సరిపడా చిప్స్ మాత్రమే పెట్టి) దిగినవి 34. ఆయన వెనుక నుంచి రెయిజ్ చేసినవి 19. నేను వదిలేయవలసి వచ్చినవి 12, అంటే 12 బ్లైండ్లు ఊరికే పోయాయి.
2. ఫ్లాప్ మీద పందెం వేయదగ్గ చేయి ఉండి కూడా ఆయన కోసం చెక్ చేసినవి 16. ఆయన పందెం వేసినవి 10. మిగిలిన 6 సార్లు ఆయన కూడా చెక్ చేసి, ఎదుటివారందరికీ టర్న్ ముక్క ఉచితంగా దొరికింది.

తరువాతి రెండు సిట్టింగుల్లో అదే తరహా ఆటగాడిని కుడి పక్కన ఉంచుకుని కూర్చున్నాను. ఆయన రెయిజ్ మీద నేను రీరెయిజ్ చేసిన (మళ్లీ పెంచిన) 21 పంపకాల్లో 13 సార్లు మిగిలినవారు తప్పుకుని మేమిద్దరమే మిగిలాం, వంతు నాది తరువాత. ఎడమ పక్కన ఉంచుకునే పద్ధతి బలమైన ముక్కలు వచ్చినప్పుడు మాత్రమే పనిచేస్తుంది, బలమైన ముక్కలు అరుదు. నా తీర్పు కుడివైపే.

నమోదు 16 నుంచి 19. స్కోరు బాగున్నా ఆట ఇరుకుగా తోచిన సిట్టింగులు రెండు వచ్చాయి. సూత్రంలో ఏదో లోపం ఉందని నోట్‌బుక్ తిరగేశాను. బటన్ నా ముందున్నప్పుడు స్మాల్ బ్లైండ్ (బిగ్ బ్లైండ్‌లో సగం ఉండే తప్పనిసరి పందెం), బిగ్ బ్లైండ్‌లలో ఉండేది ఎప్పుడూ నా ఎడమవైపు ఇద్దరే. అంటే ఈ బల్ల వద్ద నా ఉత్తమమైన పంపకంలో నాకు అడ్డుపడగలిగేది ఎప్పుడూ ఆ ఇద్దరే. వారు బిగించి ఆడేవారైతే (మంచి ముక్కలతోనే దిగేవారైతే) బ్లైండ్లు నాకు వదిలేస్తారు. రీరెయిజ్ చేసేవారైతే నా బటన్ నాకు ఉపయోగపడదు. బరువు సూత్రం వారిని 11, 22 శాతాల భిన్నాలతో గుణించి దాదాపు మరిచిపోతోంది.

ఈ దశలో అందరూ వదిలేశాక బటన్ మీద నేను మొదట రెయిజ్ చేసిన పంపకాలను విడదీశాను. ఎడమ ఇద్దరూ బిగించి ఆడేవారైనప్పుడు 23కి 14 సార్లు ఇద్దరూ ఫోల్డ్ చేశారు (ముక్కలు వదిలేశారు). వారిలో ఒకరైనా తరచుగా రీరెయిజ్ చేసేవారైనప్పుడు 21కి 6 సార్లు మాత్రమే. నమూనా చిన్నదే. అయినా తేడా ఇంత పెద్దదయ్యేసరికి సూత్రాన్ని మార్చాను: ఎడమ ఇద్దరిలో 27 పంపకాల్లో రెండుకు మించి రీరెయిజ్ చేసిన ప్రతి ఒక్కరికీ స్కోరు నుంచి 3 తీసివేస్తాను. 3 అన్నది నేను పెట్టుకున్న అంకె, దానికి గణిత నిరూపణ లేదు. వాడేవారు తమ బల్లను బట్టి మార్చుకోవచ్చు.

ఈ దశలోని 5 మార్పుల్లో 3 సార్లు, ఎవరి కోసం మారానో ఆ వ్యక్తి రెండు చుట్లలోపే లేచి వెళ్లిపోయారు. ఇది ఈ ప్రాజెక్టులో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా నిరుత్సాహపరిచిన అంకె. మూడింటిలో రెండుసార్లు సంకేతాలు ముందే ఉన్నాయి: చిప్స్ 40 బ్లైండ్ల కిందికి దిగినా కొత్తవి కొనకపోవడం, ఫోన్‌లో గంట ఎంతైందో పదేపదే చూడడం. నేను బరువును చూశాను, మిగిలిన సమయాన్ని చూడలేదు.

మార్పుల ఖర్చు: 5 మార్పులకు 4.5 బ్లైండ్లు.

మొత్తం ఇప్పటివరకు: 19 సిట్టింగులు, 77 గంటలు, 2,024 పంపకాలు, సీటు మార్పులు 5.

దశ 5: మారే విధానాన్ని సరిచేయడం

ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందో ముందు రాస్తాను. బ్లైండ్లు సవ్యదిశలో తిరుగుతాయి. నేను కూడా సవ్యదిశలో, అంటే నా ఎడమవైపుకు మారితే, బిగ్ బ్లైండ్ నా దగ్గరకు ఆలస్యంగా వస్తుంది. ఊరికే దొరికే ఆ అదనపు పంపకాలకు బదులుగా చాలా చోట్ల ఒక బ్లైండ్ పెట్టాలి లేదా బిగ్ బ్లైండ్ వచ్చేవరకు ఆగాలి. కుడివైపుకు మారితే బ్లైండ్ త్వరగా వస్తుంది కనుక సాధారణంగా ఏమీ అడగరు. నిర్వాహకులను బట్టి నియమం మారుతుంది కనుక కూర్చునేముందే అడిగి తెలుసుకోవాలి. నమోదు 12లో మాత్రం నేను 4వ సీటులో రెండు బ్లైండ్లూ కట్టి, వెంటనే తరువాతి బిగ్ బ్లైండ్ పడవలసిన 6వ సీటుకు మారి మళ్లీ బిగ్ బ్లైండ్ కట్టాను, తరువాతి పంపకంలో స్మాల్ బ్లైండ్ కూడా. ఒక చుట్టులో అదనంగా 1.5. మారడం వల్ల వచ్చే మేలుతో పోలిస్తే ఇది చిన్నదే, కానీ ఆ మేలు రెండు చుట్లలో ముగిసిపోతే చిన్నది కాదు.

రెండవ లోపం మర్యాదకు సంబంధించినది. ఒకసారి నేను మారగానే, ఎవరికి ఎడమ పక్కన కూర్చున్నానో ఆ వ్యక్తి నావైపు చూసి, నా కోసమే వచ్చారా అని అడిగారు. ఆ తరువాతి మూడు చుట్లలో ఆయన దిగినది 27కి 6. అంతకు ముందు 15. ఆయనకు కలిగిన ఇబ్బందికి నేనే కారణం, కొలత ప్రకారం కూడా ఆ మార్పు వృథా. అప్పటి నుంచి బల్ల దగ్గరకు రాగానే, ఎవరి ఆటా చూడకముందే, సీటు మార్పు జాబితాలో పేరు చెబుతున్నాను. ముందు అడిగినవారికే ముందు అవకాశం కనుక వరుస కూడా కలిసివస్తుంది. వచ్చిన అవకాశాన్ని వద్దనుకుంటే తరువాతి వ్యక్తికి వెళ్తుంది, నష్టం లేదు.

ఇప్పుడు పాటిస్తున్న క్రమం:

1. కూర్చునేముందు మార్పు నియమాలు అడగడం, జాబితాలో పేరు చెప్పడం.
2. మొదటి మూడు చుట్లు ఉన్నచోటే కదలకుండా ఉండడం.
3. ఒక్కో చుట్టులో ఇద్దరు చొప్పున, ఎక్కువగా దిగుతున్నట్టు తోచినవారిని ముందుగా లెక్కించడం. మిగిలినవారికి 5 అన్న ఒకే బరువు ఇచ్చి, తరువాతి చుట్లలో వీలు దొరికినప్పుడు సరిచేయడం.
4. ఖాళీ ఏర్పడే అవకాశమున్న సీట్లకు ముందే స్కోరు వేసి ఉంచడం. ఖాళీ అయ్యాక లెక్కవేసే సమయం ఉండదు.
5. స్కోరు తేడా 5 లేదా అంతకు మించితేనే మారడం.
6. బరువైన వ్యక్తి ఇంకా గంటసేపు ఉంటారనే సూచన లేకపోతే తేడా ఎంతున్నా మారకపోవడం.

5 అన్న గీత ఎందుకంటే, 27 పంపకాల్లో 14 అని లెక్కించిన బరువులోనే రెండున్నర వరకు దోషం ఉంటుంది. కొత్తగా వచ్చే వ్యక్తి బరువు తెలియకపోవడాన్ని కూడా కలిపితే స్కోరు తేడాలో సుమారు 3 ఊగిసలాట తప్పదు. మొదట 2 తేడాకే మారేవాడిని, అంటే నా కొలతలోని తప్పును నమ్మి లేచి వెళ్లేవాడిని.

ఈ దశలో తెలిసిన మరొక విషయం చూపు. 9వ సీటులో రెండు సిట్టింగులు ఆడినప్పుడు 1వ సీటులోని వ్యక్తి డీలర్ వెనుక మరుగున పడి, ఆయన వంతు ముగియకముందే నేను రెండుసార్లు ముక్కలు వదిలేశాను. దీన్ని కొలవడానికి, విరామానికి ముందు ప్రతివారి చిప్స్‌ను కంటితో అంచనా వేసి, లేచి నిలబడి దగ్గరగా చూసి సరిపోల్చాను. 5వ సీటు నుంచి నా అంచనాలన్నీ 10 శాతం తేడాలోపే ఉన్నాయి. 9వ సీటు నుంచి 1, 2 సీట్ల అంచనాలు 35 శాతం వరకు తప్పాయి. బరువు సూత్రంలో స్టాక్ ఒక భాగం కనుక ఇది నేరుగా స్కోరులోకి చేరే దోషం. అందుకని స్కోర్లు దగ్గరగా ఉంటే 4, 5, 6 సీట్లలో ఒకదాన్నే ఎంచుకుంటున్నాను. కళ్లజోడు వాడేవారికి ఇది మరింత అవసరం అనుకుంటున్నాను.

ఈ దశలో 6 మార్పులు జరిగాయి. ఖర్చు 3.5 బ్లైండ్లు. బరువైన వ్యక్తి రెండు చుట్లలోపు వెళ్లిపోయినది 1 సారి.

దశ 3లో మొదలుపెట్టిన కొలత ఇప్పుడు: బరువైన ఇద్దరిలో ఒకరితో ఫ్లాప్ చూసిన పాట్‌లు 96, తరువాతి వంతు నాదైనవి 60, అంటే 62.5 శాతం. మునుపటి 41 శాతంతో పోలిస్తే 21 బిందువుల పెరుగుదల. ఇన్ని పాట్‌ల మీద ఇలాంటి తేడాలో సహజంగా ఉండే దోషం సుమారు 8 బిందువులు. తరువాతి వంతు ఉన్నప్పుడు నేను ఎక్కువ పంపకాల్లో దిగుతాను కనుక ఈ శాతం కొంత పైకి లాగబడుతుంది, కానీ ఆ అలవాటు దశ 3లో కూడా ఉన్నదే. లాభం ఎంత పెరిగిందో మాత్రం ఇక్కడ రాయడం లేదు. 950 పంపకాల ఫలితానికి ఆ మాట చెప్పే శక్తి లేదని దశ 1లోనే తేలింది.

మొత్తం ఇప్పటివరకు: 28 సిట్టింగులు, 113 గంటలు, 2,974 పంపకాలు, సీటు మార్పులు 11, మార్పుల ఖర్చు 8 బ్లైండ్లు.

దశ 6: టోర్నమెంటులో ఇదే లెక్క

టోర్నమెంటులో సీటు డ్రా ద్వారా వస్తుంది, మారే హక్కు ఉండదు. అక్కడ స్కోరును సీటు ఎంచుకోవడానికి కాక, ఏ సీటు దొరికిందో తెలుసుకుని ఆట సర్దుకోవడానికి వాడుతున్నాను. ఎడమవైపు ఇద్దరి దగ్గర 15 నుంచి 25 బ్లైండ్లు ఉంటే, నా రెయిజ్ మీద వారు మొత్తం చిప్స్ లోపలికి తోయడానికి అది అనువైన లోతు. అలాంటప్పుడు బటన్ మీద బలహీనమైన ముక్కలతో రెయిజ్ చేయడం తగ్గిస్తున్నాను. ఇక్కడ బరువు సూత్రం సరిపోదు: చిన్న స్టాక్ ఉన్న వ్యక్తికి అది తక్కువ బరువు ఇస్తుంది, కానీ ఎడమ పక్కన ఉన్నప్పుడు ఆయనే నాకు ఎక్కువ అడ్డు. టోర్నమెంట్ల కోసం ఎడమ ఇద్దరికీ వేరే పట్టిక మొదలుపెట్టాను. అందులో ఇప్పటివరకు 3 టోర్నమెంట్ల నమోదులున్నాయి, బటన్ మీద నా మొదటి రెయిజ్‌లు 17, ఎడమ ఇద్దరిలో ఒకరు మొత్తం చిప్స్ తోసినవి 5. క్యాష్ గేమ్‌లో 29వ సిట్టింగు నుంచి ప్రతి మార్పు పక్కన, మారేముందు ఆ బరువైన వ్యక్తి ముందున్న చిప్స్, ఆయన చివరిసారి కొత్తవి కొన్న సమయం అనే రెండు అదనపు నిలువు వరుసలు చేర్చాను.